ఎదురుచూపు కాలంలో టైపు ఇన్‌స్టిట్యూట్

ఇరవయ్యో శతాబ్దం ద్వితీయార్ధంలో, తెలుగు పట్టణాల్లో చదువు ముగియడానికీ ఉద్యోగం దొరకడానికీ మధ్య ఏళ్ల తరబడి సాగిన ఎదురుచూపును ప్రధానంగా రెండు సంస్థలు పంచుకున్నాయి. ప్రభుత్వం నడిపిన ఉపాధి కల్పనా కార్యాలయం, అంటే జనవ్యవహారంలోని ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి, నిరుద్యోగికి ఒక నమోదు సంఖ్యను ఇచ్చింది. టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్పే ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్ అతని రోజులో ఒక వేళను నిర్ణయించింది. పాలనా చరిత్రలో మొదటిదానికి దక్కిన చోటు రెండోదానికి దక్కలేదు గాని, నిరుద్యోగి దినచర్యను రూపొందించడంలో దాని పాత్రే ఎక్కువ.

ఎంప్లాయిమెంట్ ఎక్స్ఛేంజి వ్యవస్థకు పునాది పడింది రెండో ప్రపంచ యుద్ధం ముగింపు దశలో. సైన్యం నుంచి విడుదలయ్యే సిపాయిలకు పౌరజీవితంలో పని చూపించేందుకు 1945 జూలైలో కేంద్ర ప్రభుత్వం పునరావాస, ఉపాధి డైరెక్టరేట్ జనరల్‌ను నెలకొల్పింది. దేశ విభజన తర్వాత శరణార్థులకూ, 1948 నుంచి నిరుద్యోగులందరికీ దాని తలుపులు తెరుచుకున్నాయి. శివరావు కమిటీ సిఫార్సుల మేరకు 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, ఈ కార్యాలయాల రోజువారీ నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. 1959 నాటి చట్టం ప్రభుత్వ సంస్థలతోపాటు పాతికమందికి తగ్గకుండా పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా తమ ఖాళీలను ఈ కార్యాలయాలకు తెలియజేయాలని నిర్దేశించింది. అయితే కార్యాలయం పంపిన అభ్యర్థులనే నియమించుకోవాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. పేరు నమోదు చేయించుకున్నవారు నిర్ణీత గడువులోగా రెన్యువల్ చేయించుకోకపోతే సీనియారిటీ, అంటే నమోదు తేదీని బట్టి వచ్చే వరుస, పోయేది. కాబట్టి అప్పటి నిరుద్యోగికి ఆ కార్డు దాచుకోవలసిన ఆస్తి అయింది. కాని కార్డు చేతికొచ్చాక కాల్ లెటర్ వచ్చేదాకా అతను చేయవలసిన పనంటూ ఏమీ మిగలలేదు.

చేయవలసిన పని లేకపోవడం మనిషిని ఏ స్థితికి తెస్తుందో సమాజశాస్త్రం అప్పటికే గుర్తించింది. ఆస్ట్రియాలో వియన్నాకు చేరువనున్న మారియెంటాల్ గ్రామంలో బట్టల మిల్లు మూతపడి ఊరంతా నిరుద్యోగంలో పడినప్పుడు, మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హన్స్ జైసెల్ అక్కడ చేసిన పరిశోధన 1933లో గ్రంథంగా వెలువడింది. తీరిక పెరిగినా గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాల సంఖ్య దాదాపు సగానికి పడిపోయిందనీ, మగవారి నడక సైతం మందగించిందనీ వారు గమనించారు. జీతంతోపాటు రోజుకు ఒక క్రమాన్నీ, ఇంటి బయటి మనుషులతో సంబంధాన్నీ, సమాజంలో ఒక హోదానూ ఉద్యోగం ఇస్తుందని యహోదా తర్వాతి రచనల్లో వివరించారు. తెలుగు పట్టణాల్లో వీటిలో మొదటి రెండింటిని కొంతమేరకైనా సమకూర్చినవి టైపు ఇన్‌స్టిట్యూట్లే.

ఒక గది, వరుసగా బల్లలు, వాటిమీద రెమింగ్టన్, హాల్డా, ఫేసిట్, గోద్రెజ్ మిషన్లు, గోడకు గడియారం ఉంటే ఇన్‌స్టిట్యూట్ నడిచేది. మిషన్లకు కరెంటు అవసరం లేకపోవడం, 1955లో గోద్రెజ్ సంస్థ దేశీయంగా టైప్‌రైటర్ల తయారీని ప్రారంభించడం, ఈ శిక్షణ చిన్న పట్టణాలకు విస్తరించడానికి దోహదం చేశాయి. ఒక మిషన్ మీద గంటకొకరు చొప్పున బ్యాచ్‌లు సాగేవి కనుక, తన వంతు దాటితే వెనకవారు వచ్చి కూర్చుంటారన్న ఎరుకే అభ్యర్థిని వేళకు ఇల్లు కదిలించేది. మిగిలిన పూట పొలం పనికో, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవడానికో, దరఖాస్తులు రాసుకోవడానికో మిగిలేది. చదువు ముగిశాక గడప దాటే సందర్భాలు తగ్గిపోయిన ఆడపిల్లలకు, ఇంట్లోవారు అభ్యంతరం చెప్పని గమ్యాల్లో ఇన్‌స్టిట్యూట్ ఒకటిగా ఉండేది.

ఉత్సాహం సడలకుండా నిలబెట్టినది పరీక్షల మెట్ల వరుస. రాష్ట్ర సాంకేతిక విద్య, శిక్షణ మండలి నిర్వహించే టైపు పరీక్షల్లో ఇంగ్లీషుకు లోయర్‌లో నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌లో 45 పదాలు ప్రమాణం. వేగంతోపాటు, చేతిరాతలో ఇచ్చిన ఉత్తరాలనూ పట్టికలనూ కార్యాలయ పద్ధతిలో అమర్చడం కూడా పరీక్షలో భాగం. పలుకులోని ధ్వనులను లావు, సన్న గీతలుగా రాసుకునే పిట్‌మన్ పద్ధతి షార్ట్‌హ్యాండ్‌కు ఈ వేగం లోయర్‌లో 80, హయ్యర్‌లో 120. నిన్నటికన్నా ఇవాళ స్పీడు ఎంత పెరిగిందో, తప్పులు ఎన్ని తగ్గాయో అభ్యర్థి తానే లెక్క చూసుకోగలిగేవాడు. ఎవరో పంపే కాల్ లెటర్‌తో నిమిత్తం లేకుండా కంటికి కనిపించే ఈ ముందడుగు, నిరుద్యోగ కాలంలో అరుదుగా దొరికే తృప్తి. పైగా చేయి తిరిగినవారికి కోర్టుల దగ్గరా కాలేజీల దగ్గరా అర్జీలు, సిద్ధాంత వ్యాసాలు టైపు చేసిపెట్టే జాబ్ వర్క్ దొరికేది.

తొంభైల నాటికి ఈ రెండు సంస్థల ప్రాబల్యమూ తగ్గింది. కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో 1996లో సుప్రీంకోర్టు, ఎక్స్ఛేంజి పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికల వంటి మాధ్యమాల్లో కూడా ప్రకటన ఇచ్చి, దరఖాస్తు చేసుకున్నవారందరినీ పరిశీలించాలని తీర్పు చెప్పడంతో సీనియారిటీ విలువ పలచబడింది. కంప్యూటర్ రాకతో కార్యాలయాల్లో టైప్‌రైటర్ మూలపడింది. 2009లో గోద్రెజ్ వాటి తయారీని ఆపివేసింది. అక్షరాల అమరిక కంప్యూటర్ కీబోర్డుకూ అదే కావడంవల్ల టైపు నేర్చినవారి నైపుణ్యం డీటీపీ కేంద్రాల్లోనూ డేటా ఎంట్రీలోనూ అక్కరకొచ్చింది గాని, ఇన్‌స్టిట్యూట్ల స్థానం మాత్రం కోచింగ్ కేంద్రాలకు దక్కింది. సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, గ్రూప్స్ పరీక్షలకు అశోక్‌నగర్, డీఎస్సీకి అవనిగడ్డ, బ్యాంకు పరీక్షలకు నంద్యాల పేరుపొందాయి.

వేళ, తోటివారు, లక్ష్యం అనే మూడింటినీ కోచింగ్ కేంద్రాలు కూడా ఇస్తున్నాయి. అయితే టైపు ఇన్‌స్టిట్యూట్ రోజులో గంటసేపు తీసుకుంటే, కోచింగ్ రోజునంతటినీ, చాలాసార్లు సొంత ఊరినీ వదులుకోమంటుంది. ఉద్యోగం రాకపోయినా హయ్యర్ పాసైనవారి చేతిలో ఆ పని మిగిలింది. పోటీ పరీక్షలో ఒక్క మార్కు తేడాతో వెనకబడినవారు మాత్రం మరుసటి నోటిఫికేషన్‌కు మళ్లీ మొదటినుంచి సిద్ధం కావలసిందే. ఎదురుచూసే కాలాన్ని ఎలా నింపుకోవాలన్న ప్రశ్నకు టైపు ఇన్‌స్టిట్యూట్ చరిత్ర ఇచ్చే సమాధానం ఈ తేడాలోనే ఉంది. ఫలితం ఎవరి నిర్ణయం మీదో ఆధారపడినప్పుడు, ఆ నిర్ణయంతో పనిలేకుండా విలువ నిలుపుకునే అభ్యాసమే మనిషిని ఎక్కువకాలం నిలబెట్టింది.