చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లం



కలరాను మన పెద్దవాళ్ళు వాంతిభేది అన్నారు, మహమ్మారి అన్నారు, తెలంగాణాలో గత్తర అన్నారు. పేరేదైనా భయం ఒకటే. పొద్దున తిరుగాడిన మనిషి సాయంత్రానికి దక్కేది అనుమానం. అంతటి జబ్బుకు పగ్గం వేసింది మన వంటింటి సరుకులేనంటే నమ్ముతారా?

1961లో ఇండోనీషియాలో బయలుదేరిన కలరా 1964 నాటికి మన దేశానికి వచ్చింది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సుమారు కోటిమంది కట్టుబట్టలతో సరిహద్దు దాటి మన దేశంలో తలదాచుకున్నారు. వానలు, బురద, కిక్కిరిసిన శిబిరాలు. కలరా చెలరేగింది.

ఈ జబ్బులో ప్రాణం తీసేది ఒంట్లోని నీరూ ఉప్పూ పోవడమే. అప్పటి వైద్యం సెలైన్‌ను నరంలోకి ఎక్కించడం. పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులకు ఉన్నవి రెండు గదులు, 16 మంచాలు. రోగులు నేలంతా నిండిపోయారు. సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి.

అక్కడున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఏం చేశారో వినండి. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున కలిపించారు. ఆ నీళ్ళను కుళాయి ఉన్న డ్రమ్ముల్లో నింపించారు. రోగుల వెంట వచ్చిన తల్లుల చేత, అక్కచెల్లెళ్ళ చేత, బంధువుల చేతనే పట్టించి తాగించారు. అంతకుముందు శిబిరాల్లో నూటికి 30 మంది దాకా పోతుంటే, ఈ నీళ్ళు తాగినవారిలో అది 3.6కు దిగింది!

కిటుకేమిటంటే, చక్కెర తోడుంటే పేగు ఉప్పును లోపలికి తీసుకుంటుంది, ఉప్పు వెంట నీరూ వస్తుంది. ఇది పని చేస్తుందని 1968లోనే ఢాకాలో రోగులకు తాగించి తేల్చారు. అయినా చదువురానివాళ్ళ చేతికి వైద్యం అప్పగించడమా అని చాలామంది డాక్టర్లకు శంక. ఆ శంకను తీర్చినవారు బన్‌గావ్‌లో గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు.

తరువాత బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే సేవాసంస్థ 1980 నుంచి పదేళ్ళపాటు ఇంటింటికీ మనిషిని పంపింది. మూడువేళ్ళకు వచ్చిన ఉప్పు, పిడికెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు: ఇంతే పాఠం. కోటీ ఇరవై లక్షల ఇళ్ళకు పైగా చేరింది. నేర్పినవారి జీతం ఎలా లెక్కగట్టారంటే, కొన్నాళ్ళకు మరొకరు వెళ్ళి ఆ తల్లులను అడిగేవారు. తల్లికి ఎంత గుర్తుంటే నేర్పినవారికి అంత జీతం! మన బళ్ళలో కూడా ఈ పద్ధతి ఉంటే ఎంత బాగుండునో!

డాక్టర్ మహలనబిస్ 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

ఇంత జరిగినా మన ఇళ్ళల్లో ఒక మాట పోలేదు. పిల్లవాడికి విరేచనాలవుతుంటే, నీళ్ళిస్తే ఇంకా ఎక్కువవుతాయని గ్లాసు దాచేస్తాం. దయచేసి ఆ పని చెయ్యకండి. ఓఆర్ఎస్ పొట్లం మీద రాసినన్ని నీళ్ళలోనే దాన్ని కలపండి. పొట్లం లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ చెంచా అంచుకు సమంగా కొలిచి వెయ్యండి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. కొద్దికొద్దిగా పట్టించండి. చంటిబిడ్డకు చనుబాలు ఆపకండి. కళ్ళు లోతుకుపోయినా, మగతగా పడివున్నా, తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మరొక్కమాట. ఈ సంగతి మీరు తెలుసుకుని ఊరుకోకండి. మీ ఇంట్లో అంట్లు తోమే అమ్మాయికి కూడా చెప్పండి, చేసి చూపించండి. వారం తరువాత ఆమెనే కలపమనండి. ఆమెకు ఎంత గుర్తుందో, మీరు అంత బాగా చెప్పినట్టు.