ఇటుక శాండ్‌విచ్, డాలర్ చిప్స్: న్యూయార్క్ బార్లు రోడ్డు మీదికి వచ్చిన కథ

ఇవాళ ఒక శాండ్‌విచ్‌తో మొదలుపెడతాను. రెండు బ్రెడ్డు ముక్కలు, మధ్యలో ఇటుక. అవును, ఇల్లు కట్టే ఇటుకే. దాన్ని బార్ టేబుల్ మీద పెట్టేవాళ్లు. ఎందుకో చెప్తా, ముందు 2020కి వెళ్లొద్దాం.

మార్చి 16, 2020. ఆ రాత్రి 8 గంటల నుంచి న్యూయార్క్ రాష్ట్రంలో బార్లు, రెస్టారెంట్లలో కూర్చోవడం బంద్. పార్సిల్ మాత్రమే. వంటవాళ్లు, సర్వర్లు, గిన్నెలు కడిగేవాళ్లు, ఎంతోమందికి రాత్రికి రాత్రే పని పోయింది. మూడు నెలల తర్వాత, జూన్ 22న, న్యూయార్క్ సిటీ ఒక దారి చూపించింది. లోపల వద్దు, బయట టేబుళ్లు వేసుకోండి. ఫుట్‌పాత్ మీద, కార్లు పార్క్ చేసే చోట కూడా.

ఇది చిన్న మార్పు కాదు. లిక్కర్ లైసెన్స్ ఇచ్చేది ఒక చోటుకి. ఆ హద్దు దాటి గ్లాసు బయటికి వస్తే రూల్ తప్పినట్టే. ఫుట్‌పాత్ మీద టేబుల్ వేయాలంటే ఫీజులు, మీటింగులు, ఎదురుచూపులు. కోవిడ్‌కి ముందు సిటీ మొత్తంలో ఆ పర్మిషన్ ఉన్నవి సుమారు 1,000, ఎక్కువగా మన్‌హాటన్‌లోనే. 2020లో మాత్రం ఆన్‌లైన్ ఫారం నింపి, రూల్స్ పాటిస్తానని ఓనరే డిక్లేర్ చేస్తే సరిపోయింది. ఫీజు లేదు. 10,000కి పైగా షాపులు చేరాయి. రూల్స్ కూడా అర్థమయ్యేవే. నడిచేవాళ్లకి 8 అడుగుల దారి వదలాలి, టేబుళ్ల మధ్య 6 అడుగుల దూరం ఉండాలి.

కానీ బార్ల ముందు జనం గ్లాసులు పట్టుకుని గుంపులుగా నిలబడటం మొదలైంది. జూలై 16న గవర్నర్ ఆండ్రూ క్యూమో కొత్త రూల్ ప్రకటించారు. తిండి ఆర్డర్ చేయనివాళ్లకి మందు పోయకూడదు. తినాలంటే కూర్చుంటారు, కూర్చుంటే గుంపు కట్టరు అని ఉద్దేశం. మనవాళ్లు ఊరుకుంటారా? సారటోగా స్ప్రింగ్స్‌లో ఒక బార్ మెనూలో "క్యూమో చిప్స్" పెట్టింది. ధర 1 డాలర్! చిప్స్ చెల్లవంది ప్రభుత్వం. చికెన్ వింగ్స్ కూడా చాలవన్నారు క్యూమో. బఫెలో వింగ్స్ పుట్టిన రాష్ట్రంలో ఈ మాట! చివరికి లిక్కర్ అథారిటీ, కాస్తంత సూపు, గుప్పెడు ఆకులు పెట్టి తప్పించుకుంటే కుదరదని రాసి మరీ చెప్పాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇటుక దగ్గరికి వద్దాం. ఇదే రాష్ట్రం, 1896. సెనేటర్ జాన్ రెయిన్స్ తెచ్చిన చట్టం ప్రకారం ఆదివారం మందు అమ్మకూడదు. ఒక్క మినహాయింపు, హోటళ్లలో భోజనంతో పాటు ఇవ్వొచ్చు. మనకి హోటల్ అంటే టిఫిన్ తినే చోటు కూడా. అక్కడ మాత్రం కనీసం 10 గదులుండాలి. వారానికి ఆరు రోజులు పనిచేసే కూలివాడికి ఆదివారం ఒక్కటే సెలవు. డబ్బున్నవాళ్లు పెద్ద హోటల్లో తాగొచ్చు, ఇతను తాగకూడదు. దాంతో సెలూన్లు పైన తడికల్లాంటి గదులు కట్టి "హోటల్" అయిపోయాయి. భోజనం? ఒకే శాండ్‌విచ్‌ని ఎవరూ తినకుండా టేబుల్ టేబుల్‌కీ తిప్పారు. కొందరు చట్టాన్ని వెక్కిరిస్తూ ఇటుక శాండ్‌విచ్ పెట్టారని 1902లో జేకబ్ రీస్ అనే జర్నలిస్టు రాశారు. నవ్వొస్తుంది కదా? కానీ ఆ గదులు ఖాళీగా ఉండలేదు, చాలా చోట్ల వ్యభిచారానికి అడ్డాలయ్యాయి. వాటిని మూయించడానికే 1905లో ఒక పౌర కమిటీ పుట్టింది.

మళ్లీ మన కాలం. తిండి రూల్‌ని రాష్ట్ర చట్టసభ ఏప్రిల్ 2021లో ఎత్తేసింది. ఈలోగా ఇంకో మాట సాగింది: "బయట". చలికాలంలో టేబుళ్ల చుట్టూ షెడ్లు లేచాయి. రెండు వైపులు తెరిచి ఉంటేనే బయట అని రూల్. కొన్నిటికి నాలుగు గోడలూ వచ్చేశాయి! కొన్ని వాడకుండా వదిలేస్తే ఎలుకలు చేరాయి. పై అంతస్తుల వాళ్లకి రాత్రుళ్లు నిద్ర లేదు. 2023లో సిటీ కొత్త చట్టం చేసింది. రోడ్డు మీద టేబుళ్లు ఏప్రిల్ నుంచి నవంబర్ వరకే, ఫీజు కట్టాలి, నాలుగు వైపులా మూసిన షెడ్లు వద్దు. ఇక ప్రతి ఏడాదీ విప్పడం, దాచడం, మళ్లీ కట్టడం. ఆ ఖర్చు భరించలేక చాలా చిన్న రెస్టారెంట్లు మానుకున్నాయి.

నా అభిప్రాయం చెప్తాను. 8 అడుగుల దారి రూల్‌ని ఎవరూ వెక్కిరించలేదు. వీల్‌చైర్ వెళ్లాలి కదా, కారణం కళ్ల ముందే ఉంది. "భోజనం" రూల్‌ని మాత్రం రెండు శతాబ్దాల్లో రెండుసార్లు వెక్కిరించారు, ఎందుకంటే అసలు భయం ఒకటి, రూల్ లెక్కపెట్టింది ఇంకొకటి. గుంపు వద్దనుకుంటే గుంపు వద్దనే చెప్పాలి. ప్లేట్‌లో ఏముందో చూస్తే ఇటుక కూడా భోజనమే అవుతుంది.

మీ వీధిలో పార్కింగ్ జాగాలో టేబుళ్లు వేస్తామంటే ఒప్పుకుంటారా? కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం.