చిన్న సంస్థల్లో ఉద్యోగ దరఖాస్తుల వడపోత: నరసాపురం లేసు వ్యాపారం ఉదాహరణగా

ఒక సంస్థకు వచ్చిన దరఖాస్తుల్లోంచి పనికి తగినవారిని దశలవారీగా ఏరే పద్ధతిని దరఖాస్తుల వడపోత అంటారు. పెద్ద కంపెనీల్లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంటుంది. ఐదారుగురితో నడిచే చోట ఈ పని యజమానే చూసుకోవాలి. అక్కడ ఒక్కరి ఎంపిక తప్పినా మొత్తం పని కుంటుపడుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో లేసు అల్లికల వ్యాపారం ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ.

నేపథ్యం

1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మాక్రే మిషనరీ దంపతులు ఇక్కడి స్త్రీలకు క్రోషే లేసు అల్లిక నేర్పారని చెబుతారు. నరసాపురం క్రోషే లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. వ్యాపారులు దారం ఇచ్చి, ఇళ్లలో అల్లించి, ముక్కల లెక్కన కూలి కట్టివ్వడం ఇక్కడి పాత పద్ధతి. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ ఈ స్త్రీల జీవితాలను అధ్యయనం చేసి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే పుస్తకం వెలువరించారు. గంటల తరబడి సాగే ఈ శ్రమను గృహిణుల తీరిక పనిగా కొట్టిపారేస్తున్నారని అందులో చూపించారు.

వడపోతకు ఇది పెద్ద పాఠం. ఏళ్ల తరబడి ఇంట్లో అల్లిన మహిళకు అనుభవ పత్రం ఉండదు. కాగితాలే చూసి ఎంపిక చేస్తే అసలైన పనిమంతులు మొదటి దశలోనే జారిపోతారు.

దశలు

పని నిర్ణయం: ప్రకటన ఇవ్వకముందే ఆ ఉద్యోగి రోజూ చేయాల్సిన పనులు రాసుకోవాలి. సరుకు తనిఖీ చేసే మనిషికి నమూనాతో పోల్చి తప్పు పట్టే చూపు, కొలతలు రాసే నేర్పు, గడువు పట్ల శ్రద్ధ కావాలి. ఇంగ్లిషు, డిగ్రీ అక్కర్లేదు. విదేశీ కొనుగోలుదారులకు ఈమెయిళ్లు రాసే ఉద్యోగికైతే ఇంగ్లిషు తప్పనిసరి. అవసరం లేని అర్హత అడిగితే తగినవారు దూరమవుతారు.

ప్రకటన: చిన్న ఊళ్లలో ఖాళీలు ఎక్కువగా తెలిసినవాళ్ల సిఫార్సుతోనే నిండుతాయి. సిఫార్సు మనిషి నడవడిక గురించి కొంత చెప్పినా, చుట్టరికం లేని ప్రతిభకు తలుపు మూసేస్తుంది. 1949లో స్థాపించిన వై.ఎన్. కళాశాల, స్థానిక ఇంజనీరింగ్ కళాశాలలు, డ్వాక్రా సంఘాలు, కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వంటి చోట్ల కూడా సమాచారం ఉంచాలి.

తొలి వడపోత: తప్పనిసరి అర్హతలు మూడు నాలుగుకు మించకుండా పెట్టుకుని అందరికీ ఒకే కొలమానం వాడాలి. ఫొటో, కులం, పెళ్లి వివరాలు ఈ దశలో అడగకూడదు.

పని పరీక్ష: తనిఖీ ఉద్యోగానికి కొన్ని లేసు ముక్కలు ఇచ్చి లోపాలు గుర్తించమనవచ్చు. అందరికీ అవే ముక్కలు, అంతే సమయం ఇవ్వాలి. ఆ పని సంస్థకు అక్కరకొచ్చేదైతే కూలి చెల్లించడం న్యాయం.

ఇంటర్వ్యూ: ముందే రాసుకున్న ప్రశ్నలనే అందరినీ అడిగి, జవాబు వినగానే మార్కులు వేసుకోవాలి. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు పడవ మీద గోదావరి దాటి వచ్చేవారికి అనువైన వేళ కేటాయించాలి.

ధ్రువీకరణ: సర్టిఫికెట్లను డిజిలాకర్‌లోనూ, పాత ఉద్యోగాలను భవిష్యనిధి ఖాతా వివరాల్లోనూ అభ్యర్థి అనుమతితో సరిచూడవచ్చు.

పద్ధతుల విశ్వసనీయత

ఏ పద్ధతి ఉద్యోగి రేపటి పనితీరును ఎంత బాగా పట్టిస్తుందో పరిశోధకుడు పాల్ సాకెట్ బృందం 2022లో పాత పరిశోధనలను మళ్లీ లెక్కించింది. వారి కొలతలో సున్నా అంటే పద్ధతికీ పనితీరుకూ సంబంధం లేదని, ఒకటి అంటే పూర్తి సంబంధం ఉందని అర్థం. ఒకే ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూకు 0.42, ఉద్యోగ పరిజ్ఞాన పరీక్షకు 0.40, నమూనా పని చేయించే పరీక్షకు 0.33 వచ్చాయి. తోచినట్టు మాట్లాడి చూసే ఇంటర్వ్యూకు 0.19, పనిచేసిన ఏళ్ల లెక్కకు 0.07 మాత్రమే దక్కాయి. ఏ ఒక్క పద్ధతీ చాలదు కాబట్టి రెండు మూడింటిని కలిపి వాడటం మేలు.

చట్టపరమైన నియమాలు

2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, ఒకే రకమైన పనికి నియామకంలోనూ జీతంలోనూ లింగ వివక్ష చూపరాదు. 14 ఏళ్లలోపు పిల్లలను ఉద్యోగంలో పెట్టుకోవడం నేరం. 14 నుంచి 18 ఏళ్లలోపు వారిని ప్రమాదకర పనుల్లో నియమించకూడదు. అభ్యర్థుల ఫోన్ నంబర్లు, ఆధార్ ప్రతులు ఎంపికకే వాడి, అవసరం తీరాక తొలగించడం మంచిది.

ముగింపు

ఎంపిక కానివారికి కూడా ఆ సంగతి గడువులోగా తెలియజేయడం మంచి వడపోతలో భాగం. ఊరు చిన్నది కాబట్టి సంస్థకు మంచి పేరైనా చెడ్డ పేరైనా అలాంటి మర్యాదలతోనే వస్తుంది. కాగితం కంటే పనికి, పరిచయం కంటే నేర్పుకు విలువిచ్చే సంస్థకే నరసాపురం వంటి ఊళ్లలో దాగిన ప్రతిభ దొరుకుతుంది.