చీరాల చిరునామాకు వచ్చిన వత్తు

2022 ఏప్రిల్ 4న చీరాల జిల్లా మారింది. ఊరు ఉన్నచోటే ఉంది. ఎం.జి.సి. మార్కెట్‌లో బట్టల బేళ్లు ఎప్పటిలాగే దిగాయి, మగ్గాల చప్పుడు ఎప్పటిలాగే వినిపించింది. మారాల్సినవల్లా కాగితాలు: లెటర్‌హెడ్లు, బిల్లు పుస్తకాలు, రబ్బరు స్టాంపులు, బడి సర్టిఫికెట్లు, శుభలేఖ కింద అచ్చయ్యే చిరునామాలు. ‘ప్రకాశం జిల్లా’ పోయి ‘బాపట్ల జిల్లా’ రావాలి.

చీరాలకు ఇది కొత్త కాదు. 1904 దాకా కృష్ణా జిల్లా, ఆ తర్వాత గుంటూరు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్లింది. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. ఇప్పుడు బాపట్ల. పురపాలక సంఘం వద్దని ఊరు ఊరంతా ఇళ్లు వదిలి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట రామనగరు పాకల్లోకి వెళ్లిన 1921లో కూడా చీరాల బాపట్ల తాలూకాలోదే. అంటే చిరునామా చుట్టూ తిరిగి పాత ఇంటికే చేరింది. అయితే ఈలోగా దాన్ని అచ్చువేసే యంత్రాలు కూడా మారిపోయాయి. ఆ యంత్రాలు తెలుగు అక్షరంతో ఎలా వేగాయో చెప్పడానికి ఈ నాలుగైదు పేర్లే చాలు.

‘చీరాల’కు వత్తు లేదు. గుంటూరుకూ, ఒంగోలుకూ లేదు. ‘ప్రకాశం’లో ప కింద ర వత్తు ఉంది. ‘బాపట్ల’లో ట కింద ల వత్తు. ‘జిల్లా’లో ల కింద మరో ల. తెలుగు అచ్చు చరిత్రలో సగం గొడవ ఈ కింది అంతస్తుదే.

సీసపు టైపుల కాలంలో కంపోజిటర్ ఎడమచేతిలో స్టిక్ పట్టుకుని, కుడిచేత్తో కేసు గడుల్లోంచి ఒక్కో టైపూ ఏరి, తలకిందులుగా, కుడిఎడమలు తారుమారుగా ఉన్న అక్షరాలను వరసలో పేర్చేవాడు. ఏ గడిలో ఏముందో చేతికి తెలియాలి, కన్ను రాతప్రతి మీదే ఉండాలి. ఇంగ్లీషుకు పెద్దబడి, చిన్నబడి కేసులు రెండుంటే పని నడుస్తుంది. తెలుగులో ఒక్కో హల్లుకూ గుణింతం ఉంది, ఆపైన వత్తులు. ముప్పై ఐదు హల్లులకు పన్నెండేసి గుణింతాలు లెక్కేసుకున్నా నాలుగు వందలు దాటతాయి. అందుకే వత్తులను విడి టైపులుగా పోతపోశారు. వత్తు కోసం వరసకూ వరసకూ మధ్య చోటు వదలాలి, వదిలితే కాగితం ఖర్చు. ఇరికిస్తే పై వరస వత్తు కింది వరస గుడికి తగులుతుంది.

తెలుగు అచ్చు మొదలైన తీరులోనే ఈ ఇబ్బంది ఉంది. బెంజమిన్ షుల్జ్ 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించినప్పుడు ఆ టైపులు చెక్కినవాళ్లకు తెలుగు రాదు. శ్రీరాంపూర్‌లో కేరీ తెలుగు వ్యాకరణం 1814లో, మద్రాసులో క్యాంప్‌బెల్ వ్యాకరణం 1816లో వచ్చాయి. వావిళ్ల రామస్వామి శాస్త్రులు 1854లో మద్రాసులో ముద్రణాలయం పెట్టేనాటికి టైపు చాలావరకు మన చేతి రాతకు దగ్గరైంది.

ఆ మార్పులను కంటితో చూడాలంటే చీరాలకు పక్కనే ఉన్న వేటపాలెం వెళితే చాలు. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. 1929లో గాంధీజీ దాని భవనానికి శంకుస్థాపన చేశారు. స్వాతంత్ర్యానికి ముందునాటి పత్రికల సంపుటాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. పరిశోధకులు వాటిలోని వార్తల కోసం వెళతారు. అక్షరాల కోసం వెళ్లినా చూడదగ్గవి చాలానే ఉంటాయి. పాత పేజీల్లో ‘ధర్మం’ అన్న మాట ఇప్పటిలా ఉండదు. మ రాసి, దాని కుడిపక్కన ఒక గిలక పెట్టేవారు. పలికేటప్పుడు రకారం ముందు, రాసేటప్పుడు దాని గుర్తు వెనక. అదే వలపలగిలక. అలాగే నకారపొల్లు: ‘న్’ కోసం ప్రత్యేకంగా ఉన్న ఒక గుర్తు. ఇరవయ్యో శతాబ్దం నడిచేకొద్దీ ఇవి రెండూ అచ్చులోంచి తప్పుకున్నాయి. బడిలో నేర్పరు కనుక ఇప్పటి పాఠకుడు ఆ పేజీ దగ్గర ఒక్క క్షణం తడబడతాడు.

1970లో ‘గుంటూరు’ తీసి ‘ఒంగోలు’ పేర్చడం పెద్ద పని కాదు. లెటర్‌హెడ్ మేటర్‌ను దారంతో కట్టి అలమరలో పెట్టుకునే అలవాటు ప్రెస్సుల్లో ఉండేది. దారం విప్పి నాలుగు టైపులు మారిస్తే సరిపోయేది. సీసం బరువైనదే కానీ, దానికి ఒక సుగుణం ఉంది. ఏ ప్రెస్సులో పేర్చినా ‘ఒ’ ‘ఒ’గానే ఉండేది.

కంప్యూటర్ వచ్చాక ఆ భరోసా పోయింది.

1985లో ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్ తర్వాతి పదేళ్లలో మన డీటీపీ సెంటర్ల నిత్య పనిముట్టయింది. 1994లో అది అడోబీ చేతికి వెళ్లింది, 2001లో వచ్చిన 7.0తో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు పనిచేసింది. దానికి తెలుగు రాదు. తెలుగు నేర్పినవి ‘అను’ స్క్రిప్ట్ మేనేజర్, పుణె మాడ్యులర్ ఇన్ఫోటెక్ వారి శ్రీలిపి, సి-డాక్ వారి లీప్, ఐఎస్ఎం. ఆనాటి ఫాంటులో ఉండేవి 256 గడులు మాత్రమే, అవీ ఇంగ్లీషు, ఐరోపా అక్షరాల కోసం కేటాయించినవి. మనవాళ్లు ఆ గడుల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు: ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, ఒక గడిలో ల వత్తు. కంపోజిటర్ కేసునే ఫైల్లోకి దించారన్న మాట. ఇది చాలా తెలివైన పని. తెలుగు పత్రికలు, పాఠ్యపుస్తకాలు, కరపత్రాలు, పెళ్లిపత్రికలు దాదాపు పాతికేళ్లు దాని మీదే బతికాయి.

చిక్కల్లా ఒకటే. ఫైల్లో ఉన్నది తెలుగు కాదు. కంప్యూటర్ లెక్కలో అది ఐరోపా అక్షరాల వరస, దాని మీద ఫాంటు తెలుగు ముసుగు కప్పింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే ముసుగు జారి, నెత్తిన టోపీలు, చుక్కలు పెట్టుకున్న పరాయి అక్షరాలు బయటపడేవి. ఫాంటు కావాలంటే సాఫ్ట్‌వేర్ కొనాలి, కొన్నదానికి చాలాసార్లు కంప్యూటర్ వెనక గుచ్చుకునే డాంగిల్ ఉండేది. డాంగిల్ పీకితే తెలుగు ఆగిపోయేది. అందుకే డిజైన్ ఒకచోట, ప్లేటు మరోచోట వేయించే పనుల్లో ఒక మాట ఊతపదమైంది: ‘కర్వ్స్ చేసి పంపండి.’ అంటే కోరల్‌డ్రాలో అక్షరాలను గీతల బొమ్మలుగా మార్చేయడం. అలా చేస్తే ఎక్కడ తెరిచినా వంకర పోదు. కానీ ఒక అక్షరం తప్పుపడితే దిద్దడానికి అక్కడ అక్షరమే ఉండదు, గీతలే ఉంటాయి. కొత్త జిల్లా పేరు రాగానే పాత శుభలేఖ ఫైలు తెరిచినవాళ్లకు ఎదురయ్యేది ఈ గీతలే.

సరిగ్గా ఆ కాలంలోనే సముద్రం అవతల మరో దారి పడుతోంది. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాసే పద్ధతి ఒకటి తయారుచేశారు. ఆర్‌టిఎస్ అనే ఆ పద్ధతే తర్వాత లేఖిని అనే టైపింగ్ పనిముట్టులోకీ వచ్చింది. టెక్ అనే ముద్రణ వ్యవస్థలో ముక్కవిల్లి లక్ష్మి తెలుగుటెక్ తెచ్చారు. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఫాంట్లు రూపొందించి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఇదంతా జీతం కోసం చేసిన పని కాదు, ఊరికి దూరంగా ఉండి తెలుగు చదవాలన్న ఆకలి చేయించిన పని.

అసలు మలుపు యూనికోడ్. 1991లో వచ్చిన తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గడుల చోటు దొరికింది. మన దేశంలో అంతకుముందే తయారైన ఇస్కీ ప్రమాణం దానికి మూలం. ఇక్కడ గడిలో ఉండేది ముక్క కాదు, అక్షరం. ‘చీరాల’ అంటే చ, గుడిదీర్ఘం, ర, దీర్ఘం, ల. అయిదు గుర్తులు, కంటికి మూడు అక్షరాలు. ‘బాపట్ల’ అంటే బ, దీర్ఘం, ప, ట, పొల్లు, ల. ఇందులో ల వత్తు అనేది ఎక్కడా లేదు! ట తర్వాత పొల్లు, ఆ తర్వాత ల వస్తే, ఆ ల కిందికి దిగి వత్తు కావాలని చెప్పే నియమం ఫాంటు లోపల ఉంటుంది. ఆ నియమాన్ని చదివి అమలుచేసే పని సాఫ్ట్‌వేర్‌ది. మాట ఫైల్లో, రూపం ఫాంటులో, రెంటినీ కలిపే చెయ్యి ఇంకోచోట.

ఆ చెయ్యి లేకపోతే తెర మీద కనిపించేది ఇది: ‘బాపట్‌ల జిల్‌లా’. ఫాంటు మంచిదే, మాట సరైనదే, అయినా వత్తు దిగదు. విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చింది. అయినా కంట్రోల్ ప్యానెల్‌లో భాషల సెట్టింగుకు వెళ్లి, సంక్లిష్ట లిపుల పెట్టెలో టిక్కు పెట్టి, సీడీ వేసి ఫైళ్లు ఎక్కిస్తే తప్ప తెలుగు సరిగా కనపడేది కాదు. ఇన్‌డిజైన్‌లో 2012 నాటి సీఎస్6తో వరల్డ్-రెడీ కంపోజర్ భారతీయ లిపులకు పనికొచ్చేలా వచ్చింది. పేరా సెట్టింగులో దాన్ని ఎంచుకోకపోతే అదే విరిగిన ‘ట్‌ల’. టెక్ కుటుంబానికే చెందిన, జొనాథన్ క్యూ రాసిన జీటెక్‌లో ఫాంటు పేరు ఇవ్వగానే సరిపోదు, పక్కనే ‘స్క్రిప్ట్ = తెలుగు’ అని కూడా చెప్పాలి. కొత్తగా దిగినవాళ్లు గంటలు పోగొట్టుకునే మాట అదొక్కటే. లిబ్రెఆఫీస్‌కు ఈ పని చేసిపెట్టేది హార్ఫ్‌బజ్. ఇరాన్ మూలాలున్న బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ దాని ప్రధాన రచయిత, హార్ఫ్‌బజ్ అన్న పేరుకు పారశీకంలో ‘తెరిచిన అక్షరం’ అని అర్థం.

పెద్ద సంస్థలు కూడా ఈ నియమాల దగ్గర తొట్రుపడ్డాయి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో కూర్చిన గుర్తుల వరస వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. ‘జ్ఞానం’లోని జ్ఞాతో ప్రపంచమంతా ఫోన్లు ఆగిపోయాయని తెలుగువాళ్లు అప్పట్లో వింతగా చెప్పుకున్నారు. నిజానికి అది ఆక్షేపించాల్సిన విషయం. మన జోడక్షరాలను ఎవరూ శ్రద్ధగా పరీక్షించలేదని అది పట్టిచ్చింది.

రూపాల కరువు తీర్చింది సిలికానాంధ్ర. పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన ఫాంట్లను ఆ సంస్థ 2012 ప్రాంతం నుంచి స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేసింది: మండలి, సూరన్న, ధూర్జటి, గిడుగు, గురజాడ, రామభద్ర, మరికొన్ని. డాంగిల్ లేదు, కొనే పని లేదు. మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, పత్రంలో ఇమిడ్చి పంపవచ్చు. పీడీఎఫ్‌లో ఫాంటును ఇమిడ్చితే సాధారణంగా ఆ పత్రంలో వాడిన అక్షరాల రూపాలు మాత్రమే అందులోకి వెళతాయి. ‘బాపట్ల జిల్లా’ అన్న శీర్షిక ఉంటే ఆ ట, దాని కింది ల వత్తు కూడా ఫైలుతోపాటే ప్రయాణం చేస్తాయి. ‘కర్వ్స్ చేసి పంపండి’ అన్న మాటకు అసలైన జవాబు ఇదే.

ఈరోజు రశీదులు, ధ్రువపత్రాలు తయారయ్యేది చాలావరకు మనిషి లేని చోట, సర్వర్లో. అక్కడ తెలుగు ఫాంటు లేకపోతే పేరు బదులు ఖాళీ డబ్బాలు అచ్చవుతాయి. గూగుల్ తన ఫాంట్ల కుటుంబానికి ‘నోటో’ అని పేరు పెట్టింది ఈ డబ్బాలు ఉండకూడదనే. ఆ డబ్బాలను ఫాంటు రంగంలోవాళ్లు ‘టోఫు’ అంటారు. లినక్స్ సర్వర్లో ఫాంటు ఫైలును ఫాంట్ల ఫోల్డర్లో వేసి, ఎఫ్‌సి-క్యాష్ అనే ఆజ్ఞతో జాబితా తాజా చేయాలి. పత్రం మూసలో ఫాంటు పేరు రాసేటప్పుడు చూడాల్సింది ఫైలు పేరు కాదు, ఫాంటు లోపల రాసి ఉన్న కుటుంబం పేరు. అది తప్పితే సాఫ్ట్‌వేర్ ఏమీ అనకుండా ఇంకో ఫాంటును తెచ్చి పెడుతుంది. అక్షరం వస్తుంది కానీ, పక్కనున్న అంకెలతో ఎత్తు కుదరదు. వరసల మధ్య ఎడం ఇంగ్లీషు కొలతలోనే వదిలేస్తే ‘జిల్లా’లోని వత్తు తెగిపోతుంది. సీసపు రోజుల్లో కంపోజిటర్ చూసుకున్న ఆ ఎడాన్ని ఇప్పుడు మూస రాసినవాడు చూసుకోవాలి.

ఇక వేటపాలెం పేజీల సంగతి. వలపలగిలక కావాలంటే ర, పొల్లు, వాటి తర్వాత కంటికి కనిపించని కలుపు గుర్తు ఒకటి ఇవ్వాలి. ఆ రూపం ఉన్న ఫాంటయితే గిలక పక్కకు వచ్చి నిలుస్తుంది. నకారపొల్లుకు యూనికోడ్‌లో సొంత గడి దొరికింది 2021లో, వెర్షన్ 14లో. అంటే చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లడానికి ముందటి ఏడాదే. చాలా ఫాంట్లలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. సారస్వత నికేతనంలోని ఒక పాత పేజీని ఉన్నదున్నట్టు మళ్లీ అచ్చు వేయాలనుకునేవాళ్లు స్వేచ్ఛా లైసెన్సున్న ఫాంటు ఒకటి తీసుకోవాలి. ఫాంట్‌ఫోర్జ్ లాంటి పనిముట్టులో దాన్ని తెరవాలి. పాత సంపుటంలోని నకారపొల్లును ఫొటో తీసి, దాని మీదుగా వంపు గీసి, ఆ గడిలో పెట్టి, కొత్త పేరుతో ఫాంటును దాచుకోవాలి.