సీసాలో పుట్టిన ఆర్కిడ్

ఆల్బర్ట్ మిల్లికన్ అనే ఆంగ్లేయుడు 1891లో ఆర్కిడ్ల వేట మీద ఒక పుస్తకం వేశాడు. కొలంబియా కొండల్లో రెండు నెలలు తిరిగి దాదాపు పది వేల మొక్కలు పోగుచేశామనీ, అందుకోసం నాలుగు వేల చెట్లు నరికామనీ అందులో దాపరికం లేకుండా రాసుకున్నాడు. చెట్టెక్కడం కంటే చెట్టును కూల్చడమే సులువు మరి! ఐరోపా ధనవంతుల గాజు ఇళ్ల షోకు ఇలా తీరేది.

అడవి మీద పడే బదులు విత్తనాలు చల్లుకోవచ్చుగా? ఆర్కిడ్ కాయలో అవి లక్షల్లో ఉంటాయి. కానీ ఒక్కొక్కటీ దుమ్మురేణువంత, మొలకకు కావలసిన మేత లోపల ఉండదు. ఒక జాతి బూజు చొరబడి తిండి పెడితేనే అది మొలుస్తుందని 1899లో ఫ్రాన్స్‌లో నోయెల్ బెర్నార్ పసిగట్టాడు. 1922లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ నడ్సన్ ఆ బూజు అవసరం లేకుండా చేశాడు. అగర్ జెల్లీలో చక్కెర, లవణాలు కలిపి సీసాలో పోస్తే చాలు, విత్తనాలు మొలిచాయి.

అయినా ఒక చిక్కు మిగిలింది. విత్తనం నుంచి వచ్చిన పిల్లలు తల్లిని పోలి ఉండవు. బహుమతి కొట్టిన పువ్వు మళ్లీ కావాలంటే పిలకలు విడదీయాల్సి వచ్చేది, దానికి ఏళ్లు పట్టేది.

ఆ చిక్కు వేరే పని చేస్తుండగా వీడింది. ఫ్రాన్స్‌లో జార్జ్ మోరెల్ వెతికింది మొక్కల వైరస్‌కు విరుగుడు. చిగురు కొసన ఉండే మెరిస్టెమ్ అనే పెరిగే కణజాలంలోకి వైరస్ సాధారణంగా చేరదు. ఆ కొసనే కోసి పెంచి, 1952లో సహచరుడు మార్టిన్‌తో కలిసి డాలియాలకు తెగులు వదిలించాడు. 1960లో సింబిడియం ఆర్కిడ్‌పై అదే చేస్తే, ఆ కొస చిన్న చిన్న ఆకుపచ్చ ఉండలుగా మారింది. ఉండను ముక్కలు చేస్తే ప్రతి ముక్కా మళ్లీ ఉండలు వేసింది. ఒక్క చిగురు నుంచి వేల మొక్కలు! అయితే ఘనతంతా మోరెల్‌కే కట్టబెట్టడం న్యాయం కాదు. 1949లోనే కార్నెల్‌లో గావినో రోటర్ ఫలినాప్సిస్ ఆర్కిడ్ పూకాడ కణుపుల నుంచి మొక్కలు తీశాడు. కాకపోతే దాన్ని ఎవరూ వ్యాపారంగా మలచలేదు.

ఆ రోజుల్లోనే మిగతా కథా వేగంగా నడిచింది. మొక్కల హార్మోన్లలో సైటోకైనిన్ పాలు పెంచితే చిగుళ్లు, ఆక్సిన్ పాలు పెంచితే వేర్లు వస్తాయని 1957లో స్కూగ్, మిల్లర్ చూపించారు. 1962లో మురాషిగె, స్కూగ్ పొగాకు కణజాలం కోసం తయారుచేసిన పోషక ద్రావణమే నేటికీ ల్యాబుల్లో 'ఎంఎస్ మీడియం'. ఇన్ని రసాయనాల మధ్య ఆర్కిడ్ సీసాల్లో మన కొబ్బరినీళ్లు, అరటిపండు గుజ్జు కూడా చోటు దక్కించుకున్నాయి.

లోపం లేదనలేం. మరీ ఎక్కువసార్లు ముక్కలు చేస్తే కొన్ని మొక్కలు తల్లి గుణం తప్పుతాయి, పూలు వంకర పోతాయి. అయినా ధనవంతుల గాజు ఇంటి మొక్కను మామూలు కుండీలోకి తెచ్చింది ఈ పద్ధతే.

కడియం నర్సరీలోనో, మరెక్కడో సీసాలోంచి తీసిన పసి మొక్క మీ చేతికొస్తే వేర్లకు అంటిన అగర్‌ను శుభ్రంగా కడగండి, లేకుంటే బూజు పడుతుంది. సీసా తేమలో పెరిగిన ఆకు మీద మైనపు పొర పలచగా ఉంటుంది. కొన్ని వారాలు నీడలో, తడిగాలిలో ఉంచాకే వెలుతురు చూపించండి.