గట్టు మీద ఊట

2022 జూలై 16, శనివారం సాయంత్రం. పి.గన్నవరం అవతల ఒక లంక. మీ పెంకుటింటి అరుగు మీద నిలబడి ఉన్నారు. పొద్దున్న కింది మెట్టు దగ్గరున్న ఎర్రనీరు ఇప్పుడు గడప తడుపుతోంది. ధవళేశ్వరంలో మూడో ప్రమాద హెచ్చరిక నడుస్తోంది. అంటే అక్కడ నీటిమట్టం 17.75 అడుగులు దాటిందన్నమాట. బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలేశారు. ఆ నీళ్ళు పాయలు పాయలుగా చీలి సముద్రానికి పోవాలి. మధ్యలో మీ లంక ఉంది.

కొబ్బరిచెట్ల మధ్య నుంచి మర పడవ వస్తోంది. "ఆఖరి ట్రిప్పండీ! చీకటి పడితే రాలేం!"

వెళ్ళాలా, డాబా ఉన్న పక్కింటి మీదెక్కి ఇల్లు కాసుకోవాలా? మీరు నాన్నగారి వైపు చూస్తారు. ఆయన చూరు వైపు చూపిస్తారు. "1986లో అక్కడిదాకా వచ్చింది. ధవళేశ్వరంలో 35 లక్షలు దాటిందా యేడు. ఎక్కు."

"గేదె నాన్నా?"

"పలుపు విప్పెయ్. ఈదుకుంటూ అదే గట్టెక్కుద్ది."

పలుపు తడిసి బిగిసిపోయింది. ముడి విప్పడానికి గోళ్ళు చాలవు. కొడవలితో కోసేస్తారు. పడవెక్కుతారు. పదేళ్ళ మీ పాప బడి సంచీని గుండెకి హత్తుకుని కూర్చుంది. అరటితోట మీదుగా పడవ పోతోంది. ఆకుల కొనలు మాత్రమే నీళ్ళ పైన కనబడుతున్నాయి.

ఏటిగట్టు మీద టార్పాలిన్లు, గేదెలు, పులిహోర పొట్లాలు. పాప ముద్ద నోట్లో పెట్టుకోకుండా అడుగుతుంది. "నాన్నా, ఏటేటా ఇలా రావడమెందుకు? అంగారకుడి మీదికెళ్ళి అక్కడే ఉండిపోదాం. అక్కడ వరదలుండవుగా."

ఆ మాట ఊరికే రాలేదు. పాలకొల్లు అమ్మాయి దంగేటి జాహ్నవి 2021లో అమెరికా వెళ్ళి అంతరిక్ష శిక్షణ పొందిందనీ, ఆ తర్వాత పోలండ్‌లో వ్యోమగాముల్లా మూసిన గదుల్లో ఉండే శిక్షణ కూడా తీసుకుందనీ బళ్ళో విన్నది. పాలకొల్లు ఎంత దూరం? బస్సెక్కితే వెళ్ళిపోవచ్చు. అక్కడి పిల్ల వెళ్ళినప్పుడు మనమెందుకు వెళ్ళకూడదు? ఆ ప్రశ్నకి మీ దగ్గర వెంటనే జవాబు లేదు.

రాత్రి రెండు దాటింది. కాపలా మీ వంతు. గట్టుకి ఒకవైపు గోదావరి, ఇంకోవైపు ఊరు, నారుమళ్ళు. ఆ ఊరు నది నీటిమట్టానికి దిగువన నిద్రపోతోంది. ఊరివైపు దిగి నడుస్తుంటే కాలి కింద మట్టి మెత్తగా దిగబడింది. టార్చి వేస్తారు. గట్టు అడుగున చిన్న బుగ్గ. బుడబుడమంటోంది.

దోసిట పట్టి చూస్తారు. నీళ్ళ రంగే సంగతంతా చెబుతుంది. తేటగా ఉంటే గట్టు ఊరుతోంది, అంతే. బురదగా ఉంటే లోపలి మట్టి కొట్టుకొచ్చేస్తోందని. దానికి ఎండ్రకాయ బొరియ చాలు. బొరియ సొరంగమవుతుంది. సొరంగం గండి అవుతుంది.

దోసిట్లో బురద.

కేక వేస్తారు. జనం లేస్తారు. ఇసుక బస్తాలు. చేతి నుంచి చేతికి. మీరు బస్తాతో బుగ్గ మూసెయ్యబోతారు. నాన్నగారు చెయ్యి పట్టుకుంటారు. "ముయ్యకు! పక్కన ఇంకోచోట లేస్తుంది. చుట్టూ కట్టు!" బావికి ఒర కట్టినట్టు చుట్టూ పేరుస్తారు. లోపల నీళ్ళు నిండుతాయి. నిండిన నీళ్ళ బరువే ఊటని అదిమి పడుతుంది. ఒక వరస. రెండు. మూడు.

టార్చి. నీళ్ళు తేటబడ్డాయి.

ఇప్పుడు అదే అర్ధరాత్రి, అదే కాపలా. పాప కోరుకున్న చోట, అంగారకుడి మీద.

గోడలోంచి సన్నటి ఈల. చెవులు దిబ్బడ వేస్తున్నాయి. లోపలి గాలి పోతోంది. బయట సున్నాకి 60 డిగ్రీల దిగువన చలి. గాలి మన గాలిలో నూరోవంతు కూడా లేదు. ఉన్నదీ పీల్చడానికి పనికిరాదు. గోడంతా తడుముతారు. దొరికింది. ఆవగింజంత. వేలు అడ్డం పెడతారు.

ఇలాంటిది జరిగింది కూడా. 2018 ఆగస్టులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి తగిలించి ఉన్న సోయుజ్ నౌకలో 2 మిల్లీమీటర్ల రంధ్రం కనబడింది. ముందు టేపు వేశారు. తర్వాత జిగురు పట్టించి మూశారు. కానీ వాళ్ళకి 400 కిలోమీటర్ల కిందే భూమి. కాదనుకుంటే గంటల్లో దిగిపోవచ్చు.

మీరు కేక వేస్తారు. అది భూమికి చేరడానికి దగ్గరగా ఉన్నప్పుడు 3 నిమిషాలు, దూరమైనప్పుడు 22. జవాబుకి మళ్ళీ అంత. పడవ? అదను 26 నెలలకోసారి. బయల్దేరాక నెలల ప్రయాణం. వేలు తియ్యరు. పక్క గదిలో పాప నిద్రపోతోంది.

కాటన్ దొర రాకముందు ఈ డెల్టా మాత్రం ఏపాటిది, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాకే కదా ఇంత పచ్చబడింది, అంగారకుణ్ణీ అలాగే బాగుచేసుకోవచ్చు అంటారేమో. డెల్టా సంగతి నిజమే. కానీ ఆయన నీళ్ళని మళ్ళించాడు. గాలి, మట్టి, పురుగూపుట్రా అన్నీ ఇక్కడే ఉన్నాయి. వాటిని కూడా మనమే అమర్చుకుందామని 1991లో అమెరికాలోని అరిజోనాలో ఎనిమిది మంది బయోస్ఫియర్-2 అనే గాజు మేడలోకి వెళ్ళి తలుపులు మూసుకున్నారు. లోపల చేలు, తోటలు, చిన్న సముద్రం. మట్టిలోని సూక్ష్మజీవులు ప్రాణవాయువు తినేశాయి. 21 శాతం దగ్గర ఉండాల్సింది 14.5కి పడిపోయింది. ఊపిరాడక బయటి నుంచి తెప్పించుకున్నారు. వాళ్ళ గోడకి అవతల భూమి ఉంది కాబట్టి సరిపోయింది.

భూమిని వదిలి ఏకబిగిన ఎక్కువ రోజులున్న మనిషి రష్యా వైద్యుడు వలేరీ పోల్యకోవ్. 437 రోజులు. తర్వాత ఇంటికొచ్చేశాడు. భూమి బయట పుట్టిన పిల్లలు లేరు. ఇక్కడి బరువులో మూడోవంతుకి కాస్త పైన ఉండే అంగారకుడి బరువులో పసివాళ్ళ ఎముకలు ఎలా పెరుగుతాయో చూసినవాళ్ళూ లేరు.

అందుకే తెల్లవారాక పాపకి చెబుతారు. "వెళ్ళు తల్లీ. నేర్చుకో, చూడు, అక్కడి మట్టి తీసుకురా. కాపురం మాత్రం పెట్టొద్దు. మనం లంకలో ఉండగలిగింది పిలిస్తే పడవ వస్తుందనీ, ఎక్కడానికి గట్టు ఉందనీ. ఆ రెండూ లేని చోట పిల్లల్ని కనకూడదు."

పాప ఒప్పుకోలేదు. గట్టు దిగువన బస్తాల మధ్య ఊట చూస్తోంది.

గట్టు వెంబడి ఉండేవారికి ఒక్క మాట. ఎర్రనీరొచ్చే రోజుల్లో ఊరివైపు అంచున కూడా నడవండి. ఊట కనబడితే దోసిట పట్టి చూడండి. తేటగా ఉంటే కబురు చెయ్యండి. బురదగా ఉంటే కేక వెయ్యండి.