పలనాటి సేనలో చాపకూడు

పలనాటి యుద్ధమును గూర్చి వ్రాసినవారు కోడిపందెమును, నాయకురాలి రాజనీతిని, మలిదేవుని రాజ్యభాగమును విశేషముగ విచారించిరి. పోరిన భటుల నడుమ నుండిన పొత్తు ఎట్టిదో విచారించినవా రరుదు. నేడు ప్రత్తికిని మిరపకును పేరొందిన యా సీమలో, 12వ శతాబ్ది యుత్తరార్ధమున, నానాకులములవా రొక్క సేనగా గూడి నాగులేటి యొడ్డున కారెంపూడికడ మడిసిరని వీరగాథ చెప్పుచున్నది. ఆ కూటమిని నిలిపిన బంధ మేది?

మలిదేవుని పక్షమున మంత్రియైన బ్రహ్మనాయుడు వైష్ణవుడు. చాపపై నన్నము రాశిగా బోసి కులభేదము పాటింపక యందఱు నొక్కట భుజించు చాపకూటి నాతడు నెలకొల్పెనని ప్రసిద్ధి. మాలకులజుడైన కన్నమదాసును పుత్రునిగా జేకొని సేనానిని జేసెను. చాపకూటిని మతసంస్కారముగ మాత్రమే యెంచుట వాడుక. అది సేనాధర్మము గూడ. ఒక్క చాపపై గుడిచినవాడు ప్రక్కవానిని రణమున విడువడు. ప్రాచీన స్పార్టాలోను సహభోజనము సైనికజీవనమున నొక భాగమే. కాని యచటి పంక్తిలో దాసజనులకు చోటు లేదు.

శ్రీనాథకృతముగ ప్రసిద్ధమై, అక్కిరాజు ఉమాకాంతముగారిచే 1911లో ప్రకటితమైన ద్విపదకావ్యము యుద్ధమునకు రెండువందల యేండ్లకు బైగా దరువాతిది. దానిని శాసనమువలె గైకొనరాదు. అయినను అనపోతు కథను కేవలకల్పనమని త్రోసివేయుటకు మనసొప్పదు. కీర్తిని మాత్రమే కోరు కవి తన నాయకుని కంతటి చిక్కు తెచ్చిపెట్టునా?

బ్రహ్మనాయుని కొడుకు బాలచంద్రుడు మేడపినుండి యుద్ధమునకు బయలుదేఱినప్పుడు వేఱువేఱు కులములవారైన చెలికాండ్రు తమ్ములై వెంట నడచిరి. వారిలో ననపోతు బ్రాహ్మణుడు. తనతో వచ్చి యాతడు చచ్చినచో బ్రహ్మహత్య తన్నంటునని బాలుడు వెఱచెను. ఇంట మఱచిన సొమ్ము తెమ్మను నెపమున నాతని వెనుకకు బంపి, కమ్మ వ్రాసి విడిచి, తక్కినవారితో సాగిపోయెను. అనపోతు కమ్మ చూచి వంచన గ్రహించి యాత్మహత్య గావించుకొనెను.

చాపమీద గరగిన కులము చావునెదుట మరల తల యెత్తినది. బాలుడు స్నేహితుని బ్రదికింప దలచెననుట సగము నిజము. తనకు పాపము రాకుండ జూచుకొనెననుటయు సగము నిజమే. అనపోతున కా బ్రదుకు దయగా దోపలేదు. పంక్తినుండి లేపివేసినట్లే తోచినది. భోజనమున సమానుడు మరణమున గాకపోవుట యాతనికి దుస్సహమైనది.

ఈ కథను తరతరములుగ బాడుచు వచ్చిన వీరవిద్యవంతులు కన్నమదాసు కులమువారే. వారి పాటను సేకరించి జీన్ రోగేర్ రచించిన గ్రంథము 1982లో వెలువడినది. కారెంపూడి వీరుల గుడికడ కార్తీకామావాస్య మొదలు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని యైదునాళ్లు తిరునాళ్లు జరుగును. చాపకూడు మందపోరునాడు, వీరులు నేలగూలిన కల్లిపాడు దాని తరువాత మూడవనాడు గాక రెండవనాడే.